రెండో అర్రలోని గొంతు

పర్వత్ పాటియా, సూరత్
2 జూన్ 2021

మా అక్క మొగుడు, మెట్‌పల్లి మొనగాడు పరమేశ్వర్ బావకు,

బామ్మర్ది లక్ష్మీరాజం రాస్తున్న. దండం పెడుదామని చేతులెత్తిన గని అవి కలుస్తలేవు. కలిసినట్టే అనుకో.

ఫోన్ ఉండంగ ఉత్తరమేందని మీసం కింద నవ్వుతున్నవ్ కావచ్చు. నవ్వు. నాలుగు రోజులసంది నీ ఫోన్ నేను ఎత్తుతలేను. సిగ్నల్ మంచిగనే ఉన్నది. ఫోన్ల ఇనవడే ఏ గొంతునూ ఇగ నమ్మనని ఒట్టు వెట్టుకున్న, అందుకు. కాయితానికి గొంతుండది. నీ చేతిరాత నాకెర్క, కోడి నడిచినట్టుంటది, దాన్ని ఎవడూ నకలు కొట్టలేడు.

అసలు ముచ్చటకొస్త. కోర్టుల చెప్పినట్టు మొదటికెల్లి చెప్త, మధ్యల లేవకు.

ఇక్కడ సూరత్ పక్కన హజీరా కంపెనీల ఇంజనీరు పార్థసారథి సార్ బదిలయి పోయేటప్పుడు హోం థియేటర్ డబ్బా ఎవలికిచ్చిండు? మా అక్కకు. నీకు గాదు, నాకు గాదు. నేను ఊరికెల్లి తెచ్చిచ్చిన ఐలమ్మ చేతి మామిడికాయ తొక్కు ఆరేండ్లు తిన్న విశ్వాసంతోని ఇచ్చిండు. నల్ల రిసీవరు, ఐదు స్పీకర్లు, బాసుకు గుమ్మి అంత పెట్టె ఒకటి. అన్ని రైల్ల ఏసుకోని మెట్‌పల్లి మీ ఇంటికి తెచ్చింది నేను. తొంభై పేజీల ఇంగ్లీషు బుక్కు. ఐదో తరగతి సదివినోన్ని, ఆ బుక్కును అచ్చరం అచ్చరం కూడవలుక్కుంట మూడు నెలలు సదివిన. నువ్వు ఏం చేసినవ్? రిమోట్ మీద దుమ్ము తుడిచినవ్.

పుట్టగొడుగంత మైకు ఒకటి వచ్చింది, యాదికున్నదా. మనం కూసునే చోట అది వెడితే, డబ్బా తనంతట తనే టింగు టింగుమని అన్ని స్పీకర్ల దూరం కొల్చుకుంటది. ఆ జాగనే నడిమి అని లెక్క గట్టుకుంటది. నువ్వు నీ కుర్చీల పెట్టమన్నవ్. నేను అక్క కూసునే చాప మీద పెట్టిన. ఆమె ఏ సినిమా అయినా పావుగంటకు గురక వెట్టేది. అయినా పెట్టిన.

ఇంక దానిల ఉన్నది రెండో జోన్. మనం రెండో అర్ర అన్నం. ముందరి అర్రల సినిమా నడుస్తుంటె, వంటింట్ల ఇంకో స్పీకరుకు వైరు గుంజి వేరే పాట వెట్టొచ్చు. అక్క పాటలినుకుంట రొట్టెలు చేసుకోవాలని వైరు గుంజింది నేను. దానితోని నకరం చేసి నిన్ను ఆటవట్టిచ్చింది గూడ నేనే, ఒప్పుకుంట. అక్క కోరుట్ల పెండ్లికి పోయిన రోజు, బీడీ మానేసిన అని దేవుని పటం ముందర చెప్పిన పెద్దమనిషి వంటింట్ల నిలవడి బీడీ ముట్టిచ్చిండు. పెన్‌డ్రైవుల ఉన్న అక్క గొంతు నేను రెండో అర్రల వదిలిన. "ఏందయ్యా, మళ్ల ముట్టిచ్చినవా?" నువ్వు బీడీ తీస్కపోయి జొన్నపిండి డబ్బల వారేసినవ్. అక్క వచ్చినంక ఆ రొట్టెలు తిని ఇదేం వాసన అన్నది. ముగ్గురం ఎంత నవ్వినం బావ.

ఆ పెన్‌డ్రైవులనే నాకు సంబంధించిన ముక్కలు గూడ ఉండె. అక్క సూరత్ వచ్చినప్పుడు, నా ఇంట్ల కిటికీ కాడ నా పెండ్లాం పద్మతోని కూసోని బెండకాయలు కోస్తుంటె అక్కకు తెల్వకుంట పట్టిన. "తమ్మీ, తిన్నవారా?" "పద్మను సతాయించకు." "జర బుద్ధి తెచ్చుకో."

ఇగ చూడు. నేను పదమూడు రోజులు ఆక్సిజన్ మీద ఉండి, మే తొమ్మిదిన దవఖానకెల్లి ఇంటికొచ్చిన. అప్పటిసంది నువ్వు ఫోన్ చేసినప్పుడల్ల ఏమన్నవ్? "అక్కకు గూడ జరమొచ్చి తగ్గింది, ఫోన్ ముట్టొద్దన్నరు, వంటింట్లకెల్లే ఒర్లుతది, ఇను." ఒర్లింది. తిన్నవారా అన్నది. పద్మను సతాయించకు అన్నది. ఎప్పుడన్న అవే మూడు ముక్కలు అంటది గనుక నాకు అనుమానం రాలే. మొన్న శనివారం గొంతు ఎన్నడు లేనంత సాఫ్‌గ వచ్చింది. దాని ఎనుక ఇంకో గొంతు గూడ వచ్చింది. "బటాకా... డుంగ్లీ..." ఆలుగడ్డ, ఉల్లిగడ్డ అమ్మే మా గల్లీ మగన్‌భాయి. రోజు పదింటికి తోపుడుబండి నూక్కుంట నా కిటికీ కిందికెల్లి పోతడు. మెట్‌పల్లికి ఎప్పుడొచ్చిండు బావ ఆయన? ఏ బస్సుకు వచ్చిండు?

నాకు అర్థమైంది. అక్కకు నా మీద కోపం. ఉగాదికి పంపిన చీరకు అలిగింది. మంచి పట్టుచీర డబ్బల మా పాండేసర మిల్లుల చెడిపోయిన ప్రింటు చీర వెట్టి పంపిన. సగం చిలుకలు నిలవడి ఉంటయి, సగం తలకిందులు. కొంగు జాగల మిల్లు నంబర్లు. ఆమె ఫోన్ చేసి గంటసేపు తిడుతది, తిట్టినంక అసలు చీర పంపుదామని ఉల్లిపొర రంగుది, వెండి జరీ అంచుది, సందూకల పెట్టిన. తిట్టుడు కోసం చూసిన. రాలే. అంటే మాట్లాడనని పట్టువట్టింది, నువ్వేమో నా మనసు నొవ్వద్దని టేపు తిప్పుతున్నవ్. ఇద్దరు కలిసి నన్నే బకరాను చేసిన్రు. నా డబ్బా, నా వైరు, నా పెన్‌డ్రైవు, నేనే బకరా.

సరే, ఓడిన. అక్కతోని కాయితం మీద సంతకం పెట్టిచ్చి పంపు. ఐలమ్మ అని రాసేటప్పుడు ల కింద తోక వంకర తిప్పుతది, అది నీతోని కాదు. ఆ తోక చూసినంక ఫోన్ ఎత్తుత.

నిన్న మొన్నటిదాక నిన్ను నమ్మిన
లక్ష్మీరాజం


మెట్‌పల్లి
11 జూన్ 2021

రాజంకు,

నీ ఉత్తరం నిన్న అందింది. సదివి పక్కకు పెట్టిన. మళ్ల తీసి సదివిన. నీకు ఇదేం బుద్ధి అని అడుగుదామని ఈ కాయితం పట్టుకున్న.

ఏడేండ్ల కింద లారీ కింద వడ్డవని నువ్వే కబురు పంపిస్తె, నేను పూలదండ వట్టుకోని ఉరికొచ్చిన. నువ్వు మంచం మీద కూసోని మిర్చిబజ్జి తింటున్నవ్. దండ మంచిగున్నదని నీ మెడలనే ఏసుకున్నవ్. ఆ దినం గూడ నేను నిన్ను ఒక్క మాట అనలే. మీ అక్క అనద్దన్నది, వాడట్లనే అన్నది. ఈ దినం అనాల్నని ఉన్నది.

పద్మ మే ముప్పై ఒకటి సోమవారం నాడే ఫోన్ చేసింది. నీకు అంతా చెప్పిన అన్నది. నువ్వు గోడ దిక్కు మల్లి పండుకున్నవు, ఎవలతోని మాట్లాడుతలేవు అన్నది. అందుకే ఫోన్ ఎత్తుతలేవనుకోని నేను గూడ చేసుడు బందు వెట్టిన. నీ ఏడ్పు నిన్ను ఏడ్వనియ్యాలె అనుకున్న. నువ్వేమో చిలుకలు, ఆలుగడ్డలు అనుకుంట సంతకం పంపుమంటున్నవ్. ఐలమ్మ పోయి నలభై ఐదు దినాలాయె. ఎవలి సంతకం పంపాలె?

టేపు ఇనిపిచ్చింది నిజమే. తప్పంటవా, తప్పే. ఆమె ఏప్రిల్ ఇరవై ఏడున పొద్దుగాల పదకొండింటికి పోయింది. అప్పుడు నీ ముక్కుకు గొట్టం ఉండె. చెప్తే ఈయన గూడ దక్కడని పద్మ ఫోన్ల ఏడ్చింది, మన రెండిండ్ల ఆడోళ్లల్ల ఒకదాన్ని అప్పుడే నిప్పుకు ఇచ్చి వచ్చిన, రెండోదాని మాట కాదనలేకపోయిన. నువ్వు ఇంటికొచ్చినంక అక్క ఏదని అడిగితివి. పెన్‌డ్రైవు డబ్బకే పెట్టి ఉండె.

నా మీద కోపముంటె నన్ను తిట్టు. నా పేరు మీద ఏ నకరం చేసినా పడ్త. ఆమె మీద చెయ్యకు. ఒక్క ఆమె మీద చెయ్యకు.

పరమేశ్వర్


సూరత్
21 జూన్ 2021

పరమేశ్వర్ బావకు,

పద్మ నాకు చెప్పలే.

నీ ఉత్తరం చెప్పింది. పోస్టాయన గేటు కాడ ఇచ్చిపోయిండు. ఏం సాకులు రాసి ఉంటడో అని ముందే నవ్వుకుంట, మాస్కు కిందికి గుంజి, నిలవడే చించిన. నలభై ఐదు దినాలు అన్న కాడ ఆగిన. ఇది లెక్క తప్పు అనుకున్న. అక్క గూడ ఈ నకరంల చేరి ఇంత దూరం తీస్కపోయింది, ఎంత గట్టి మనిషి అనుకున్న. ఏడ్వాలె అన్నది నాకు తర్వాత తెలిసింది బావ. ముందు మెచ్చుకున్న. నేనెట్లాంటోన్నో చూడు.

పద్మను పిలిచి ఉత్తరం చేతుల వెట్టిన. ఆమె సదువలే. గోడకు ఒరిగి కూసున్నది. మూడుసార్లు చెప్పబోయిందట. మూడుసార్లు నేనేదో జోక్ చేసి నవ్విచ్చిన్నట. నువ్వు రోజు ఫోన్ చేసి చెప్పినవా చెప్పినవా అంటుంటె తట్టుకోలేక చెప్పిన అన్నదట. మీరిద్దరు ఒకలిమీద ఒకలు ఏసుకోని నన్ను మధ్యల నిలవెట్టిన్రు. ఊరందరికి తెలుసు. మన కులపోళ్లందరికి తెలుసు. పాండేసరల చీరలు మడతవెట్టే మా ఫోల్డింగ్ ఖాతాల పనిజేసేటోళ్లకు తెలుసు, నేను పనిలకొస్తె తలకాయ వంచుకోని చీర మడతలు వెడుతుంటె, కరోనా వచ్చిందని దూరం ఉంటున్నరనుకున్న.

నా ముక్కుకు గొట్టం ఉండె. చెవులకు లేదు. చెప్తే చచ్చేటోన్నో లేదో నన్ను చూసుకోనియ్యాలె.

ఒక్కటి అడుగుత. మే నెలల ఒకనాడు నీ ఫోన్ల నేను అక్కతోని మాట్లాడిన. దవఖానల పక్క మంచపాయన పొద్దుగాల చాయ్ తాగి, పగటీలికి లేకుంట పోయిండని చెప్పిన. నాకు భయమైందే అక్కా అన్న. నా యాభై ఏండ్ల బతుకుల ఆ మాట ఎవలితోని అనలే, పద్మతోని గూడ అనలే. అన్నంక అక్క ఏమన్నది? "జర బుద్ధి తెచ్చుకో" అన్నది. ఆ మాటకు నాకు పానం లేచొచ్చింది. నవ్విన గూడ. ఇప్పుడు చెప్పు. నేను ఎవలితోని అన్న ఆ మాట? నీ రిమోట్‌తోనా? నువ్వు ఏ బటన్ వత్తాల్నో చూసుకుంట నిలవడి ఇన్నవా?

ఇంకొకటి. ముత్తైదువగ పోయిన ఆడిబిడ్డ మీద తల్లిగారి చీర కప్పాలె. మా అమ్మ లేదు, నాయిన లేడు, ఐలమ్మకు తల్లిగారిల్లంటే నేనొక్కన్నే. సూరత్‌ల ఇరవై ఆరేండ్లసంది దేశమంతటికి చీరలు మడతపెట్టి పంపేటోన్ని. ఆ దినం గూడ నా సందూకల చీర ఉన్నది. నువ్వు చెప్పి ఉంటె పద్మతోనన్న, పక్కింటోళ్లతోనన్న ఏదో బండిల ఏసి పంపేటోన్ని. అందకపోతె అందకపాయె, పంపిన అన్న మాట ఉంటుండె. అది గూడ లేకుంట చేసినవ్. తమ్ముడు లేని ఆడిదాని లెక్క సాగనంపినవ్.

ఎవలింటి చీర కప్పినవ్ మా అక్కకు? అది చెప్పు. వేరే ఏం రాయకు.

లక్ష్మీరాజం


మెట్‌పల్లి
3 జూలై 2021

రాజం,

వేరే ఏం రాయద్దన్నవ్. చీర ముచ్చట చెప్పాల్నంటె ముందరి ముచ్చట చెప్పాలె, ఏమనుకోకు.

నీ ఉగాది పార్సిల్ ఏప్రిల్ పదిహేనున వచ్చింది. డబ్బ చూసి ఐలమ్మ మురిసింది. ఇప్పి చూసి, తలకిందుల చిలుకలు చూసి, నేల మీద కూసోని నవ్వింది. నవ్వుతుంటె దగ్గొచ్చింది. నవ్వుతోని వచ్చిందనే అనుకున్నం. నేను నీకు ఫోన్ కలుపుత అన్న. వద్దన్నది. "వాడు నా తిట్ల కోసం చెవులు రిక్కించుకోని కూసుంటడు. ఒక్క మాట అనద్దు. కండ్లు కాయలు కాయనీ. దసరకు పోయి ఇదే చీర కట్టుకోని వాని గల్లీల తిరుగుత, మా తమ్ముడు పెట్టిన చీర అని అందరికి చెప్పుత." రవిక గూడ కుట్టిచ్చుకుంట అని కొలతలు తీసి పెట్టుకున్నది. నీ మీద ఆమె అలుగలే. నీ మీద నకరం చేస్తున్నది, అంతే.

పంతొమ్మిదిన జరమొచ్చింది. ఇరవై మూడున దవఖానకు తీస్కపోయిన.

ఆ దినం ఇంటికి తేనియ్యలే. ప్లాస్టికుల సుట్టి బండిల పెట్టిన్రు. కాటి కాడ నేను, తెల్ల డ్రెస్సు ఏసుకున్నోళ్లు ముగ్గురు, దూరం నిలవడి మా పెద్దమ్మ. పెద్దమ్మ అక్కడ్నుంచి ఒర్లింది, తల్లిగారి చీర ఏది అని. నేను ఇంటికి ఉరికిన. బీరువల ఉన్నయన్ని నేను కొన్నయే. తల్లిగారింటి చీర ఒక్కటే కనవడ్డది.

అదే కప్పిన రాజం.

తెల్ల డ్రెస్సాయన చేతులు ఆపి చూసిండు. ఇదేం చీర అని అడిగిండు. ఆమె తమ్ముడు పెట్టింది అన్న. ఆయన కొంగు మంచిగ సదిరి కాళ్ల దిక్కు దోపిండు. తమ్ముడు లేని ఆడిదాని లెక్క పోలే. ఇది నీకు చెప్పకుంట ఉండాల్నని నేను పెన్‌డ్రైవు కంటె ముందే అనుకున్న. నువ్వు అడిగినవ్ కాబట్టి చెప్పిన. ఇగ నా దగ్గర దాచింది ఏం లేదు.

టేపు ముచ్చట గూడ అడిగినవ్. ఆ దినం నువ్వు భయమైంది అన్నప్పుడు నేను ఇన్న. ఆమె ఇనలే. ఏ ముక్క వెట్టాల్నో తెల్వక చేతికొచ్చింది వత్తిన. ఆ ముక్క సరిగ పడ్డది. నువ్వు నవ్వితివి. నేను వంటింట్లకు పోయి స్పీకరు దిక్కు చూసుకుంట నిలవడ్డ. ఒక్క నిమిషం నాకు గూడ ఆమెనే అన్నట్టనిపిచ్చింది.

నువ్వు రాసిన ఆ శనివారం వంటింటి వైరు ఎలుక కొరికింది. ముందరి అర్రలనే పెట్టిన. రిమోట్ మీద మాటలు పెంచే బటన్ ఉన్నదని నువ్వే చూపిచ్చినవ్ గద, ఫోన్ల మంచిగ ఇనవడాల్నని అది వత్తిన. అది ఆమె మాట పెంచింది, ఎనుకున్న కూరగాయలాయన మాట గూడ పెంచింది. నాకు ఇన్నేండ్లు ఆ బుక్కు సదవాల్నని అనిపియ్యలే.

వైరు మల్ల అతికిచ్చిన. నీ కోసం అయిపోయింది. ఇప్పుడు నా కోసం. పొద్దుగాల లేచి రెండో అర్ర బటన్ వత్తుత. "ఏందయ్యా, మళ్ల ముట్టిచ్చినవా" అంటది. ముట్టియ్యకపోయినా అంటది. లేదే అని జవాబు చెప్పుత. పిచ్చి అనుకో, ఏమన్న అనుకో. మైకుతోని మల్ల కొలవమని డబ్బ తెర మీద రాసి చూపిస్తది, వైరు మారింది గద. నేను వత్తలే. దాని లెక్కల ఇంకా ఆమె చాపనే నడిమి.

నీకు రాయాల్నని లేకపోతె రాయకు. పద్మను ఏమనకు.

పరమేశ్వర్


సూరత్
20 సెప్టెంబర్ 2021

బావకు,

రెండున్నర నెలలైంది. నేను రాయలే, నువ్వు అడుగలే. మంచిపని చేసినవ్.

నీ మీద నా కోపం పోలే. పోతదని గూడ చెప్పను. నువ్వు మంచికే చేసినవని పద్మ అంటది, నిజమే కావచ్చు, నేనూ జీవితమంత మంచికే అనుకుంట నకరాలు చేసిన. దండ వట్టుకోని ఉరికొచ్చిన్నాడు నీ కడుపుల ఏమైందో నేను ఏడేండ్లు అడుగలే. ఇప్పుడు తెలిసింది గని ఇద్దరివి చెల్లు అనుకునేటంత పెద్దమనిషిని గాదు. నువ్వు నా అక్కను నా చేతుల కెల్లి తీసి, ఇరవై రోజులు టేపు చేతుల వెట్టినవ్. అది ఉంటది.

చిలుకల చీర గురించి మిల్లుల ప్రింటు మాస్టర్‌ను అడిగిన. ఆ డిజైను ఎక్కడిది, ఇంకొక ముక్క ఉన్నదా అని. ఎందుకు, అది చెత్తల పోయింది అన్నడు. మా అక్క కట్టుకున్నది అన్న. ఆయన నవ్విండు, నేను జోక్ చేస్తున్న అనుకున్నడు. ఈ ఖాతాల నా మాట ఇని నవ్వకుంట ఉన్నోడు లేడు. చాయ్ తాగిపిచ్చి పంపిండు.

మొన్న సందూక తీసిన. ఉల్లిపొర రంగు చీర మడతల నా కాయితం ముక్క దొరికింది. "తిట్టుడు అయిపోయిందా? ఇగ ఇది కట్టుకో" అని రాసి పెట్టుకున్న. ఆ కాయితం తీసేసిన. చీర ఉన్నది.

పెత్రమాసకు, పోయినోళ్ల పేర బియ్యమిచ్చే అమాసకు వస్తున్న. అక్టోబర్ ఆరు. టికెట్ దొరికింది, రెండు సూదులు గూడ ఏసుకున్న. తల్లిగారి చీర తెస్తున్న. ఇప్పుడు ఎక్కడ పెట్టాలె, ఎవలికి పెట్టాలె, మీ పెద్దమ్మను అడిగి ఉంచు. తల్లిగారి దిక్కుకెల్లి బియ్యం నేనే ఇస్త. నువ్వు ఇచ్చేది నువ్వు ఇయ్యి.

డబ్బను కదిలియ్యకు. మైకుతోని మల్ల కొలవకు. అక్క చాప ఉన్న కాడ ఉండనియ్యి, నేను గూడ దాని మీద కూసోను.

ఒక్కటే అడుగుడు. నేను వచ్చిన దినం రెండో అర్ర బందు వెట్టు. గడపల నేను చెప్పులు ఇడుస్తుంటె వంటింట్లకెల్లి ఏ గొంతూ రావద్దు. తిన్నవారా అని ఎవలూ అడుగద్దు. నువ్వు గూడ ఎదురు రాకు, ముందరి అర్రల కూసో. ఆ ఇంట్ల ఆమె లేని సప్పుడు నేను ఒక్కసారి సక్కగ ఇనాలె. ఇంతమంది కలిసి నాకు ఇననియ్యంది అదొక్కటే.

తర్వాత నీకు కావాల్నంటె పెట్టుకుందువు.

ఐలమ్మ తమ్ముడు
లక్ష్మీరాజం